నూనూగు మీసాల నేరానికి నూరేళ్ల శిక్షా?

జో లిగాన్ జైల్లో అడుగుపెట్టేనాటికి వయసు 15. బయటికొచ్చేనాటికి 83. మధ్యలో గడిచినవి 68 ఏళ్లు. 1953లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో కొందరు కుర్రాళ్లు తప్పతాగి వీధుల మీద పడ్డారు. దోచుకున్నారు, కత్తులతో పొడిచారు. ఇద్దరు చనిపోయారు. ఆ గుంపులో లిగాన్ ఒకడు. అప్పటికి అతనికి చదవడం, రాయడం రాదు. పెరోల్ లేని యావజ్జీవం వేశారు. 2021 ఫిబ్రవరిలో వదిలారు. మన కొలతలో చెప్పాలంటే, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది లోపలికి వెళ్లినవాడు తెలంగాణ వచ్చి ఆరున్నరేళ్లు దాటాక బయటికొచ్చాడు.

రెండు ప్రాణాలు పోయిన ఘటన అది. శిక్ష పడాల్సిందే. నన్ను వేధిస్తున్న ప్రశ్న ఆ తర్వాతది. పదిహేనేళ్ల పిల్లవాడికి వేసిన శిక్షను మళ్లీ తెరిచి చూడడానికి ఒక తేదీ అంటూ ఉండాలా, వద్దా? ఉంటే అది ఎన్నో ఏట రావాలి? ఈ ప్రశ్నకు అమెరికా గత ఇరవై ఏళ్లుగా జవాబు వెతుక్కుంటోంది. ఆ వెతుకులాటలో బయటపడ్డ అంకెలు మనకూ పనికొస్తాయి.

ముందుగా ఒక మాట సంగతి తేల్చుకోవాలి. మన దగ్గర పెరోల్ అంటే చెల్లెలి పెళ్లికో, తండ్రి కర్మకాండకో జైలు నుంచి ఇచ్చే కొద్ది రోజుల సెలవు. గడువు తీరగానే మళ్లీ లోపలికి వెళ్లాలి. అమెరికాలో మాట అదే అయినా అర్థం వేరు. మిగిలిన శిక్షను జైలు బయట, అధికారుల నిఘాలో, షరతులకు లోబడి గడపడాన్ని అక్కడ పెరోల్ అంటారు. మనం క్షమాభిక్ష అనీ, సత్ప్రవర్తన మీద ముందస్తు విడుదల అనీ అనేదానికి అది దగ్గర. ఇక 'పెరోల్ అర్హత' అంటే బోర్డు ముందు కూర్చుని తన మాట చెప్పుకునే అవకాశం మొదలయ్యే రోజు. చాలామంది దాన్నే విడుదల తేదీ అనుకుంటారు. ఆ పొరపాటు వల్లనే ఈ చర్చ ఎప్పుడూ దారి తప్పుతుంది.

నాలుగు తీర్పులు, ఒక వెనకడుగు

2005 దాకా అమెరికాలో 16, 17 ఏళ్ల వయసులో హత్య చేసినవారికి మరణశిక్ష వేసే వీలుండేది. ఆ ఏడాది రోపర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టేసింది. 2010లో గ్రాహం కేసు వచ్చింది. చంపకపోయినా, ఇతర నేరాలకే పెరోల్ లేని యావజ్జీవం పడ్డ బాలలు దేశం మొత్తం మీద ఎందరని కోర్టు లెక్క తీసింది. 129 మంది తేలారు. అందులో 77 మంది ఒక్క ఫ్లోరిడాలోనే ఉన్నారు. మిగతావారంతా పది రాష్ట్రాల్లో, ఫెడరల్ జైళ్లలో చెదిరి ఉన్నారు. అంత పెద్ద దేశంలో ఒకే రాష్ట్రం సగానికి మించి శిక్షలు వేస్తోందంటే, పిల్లవాడి భవితవ్యాన్ని అతని నేరం కన్నా అతను పుట్టిన చోటు ఎక్కువగా తేలుస్తోందన్నమాట. హత్య లేని కేసుల్లో ఆ శిక్షను కోర్టు నిషేధించింది. తాను మారానని, ఎదిగానని చూపించుకుని బయటపడే అర్థవంతమైన అవకాశం ఒకటి ఇవ్వాలని చెప్పింది.

2012లో మిల్లర్ కేసు వచ్చింది. ఈసారి హత్య కేసులే. పిటిషనర్లు ఇద్దరూ నేరం నాటికి 14 ఏళ్ల వాళ్లు. పద్దెనిమిది నిండకముందు చేసిన హత్యకు చావుదాకా జైలు శిక్ష పడ్డవారు అప్పటికి సుమారు 2,500 మంది. వీరిలో 2,000 మందికి పైగా ఆ శిక్ష పడ్డది జడ్జి ఆలోచించి వేయడం వల్ల కాదు. చట్టంలో మరో దారి లేకపోవడం వల్ల. ముద్దాయి వయసు, ఇంటి పరిస్థితి, నేరంలో అతని పాత్ర ఎంత అని అడిగే వీలు కూడా ఆ జడ్జిలకు లేదు. అలా కళ్లు మూసుకుని వేసే శిక్ష చెల్లదని 5-4 తేడాతో తీర్పు వచ్చింది. కోర్టు చూపిన కారణాలు పిల్లల్ని పెంచిన ఎవరికైనా తెలిసినవే. ఆ వయసులో ముందువెనకలు తోచవు. చుట్టూ ఉన్నవాళ్ల ఒత్తిడికి త్వరగా లొంగుతారు, చెడ్డ ఇంటినుంచి పారిపోదామన్నా దారి ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, స్వభావం ఇంకా గట్టిపడి ఉండదు.

2016లో హెన్రీ మాంట్‌గోమరీ కేసులో 6-3 తేడాతో ఆ తీర్పును పాత కేసులకూ వర్తింపజేశారు. లూసియానాకు చెందిన ఇతను 1963లో, 17 ఏళ్ల వయసులో, ఒక డెప్యూటీ షెరిఫ్‌ను కాల్చి చంపాడు. కేసు గెలిచింది 2016లో. 2017లో శిక్ష మార్చి పెరోల్‌కు అర్హత ఇచ్చారు, ఆదర్శ ఖైదీ అని జడ్జే అన్నారు. 2018లో ముగ్గురు సభ్యుల బోర్డు తిరస్కరించింది. 2019లోనూ అంతే. రెండుసార్లూ అందరూ ఒప్పుకోకపోవడమే అడ్డంకి. మృతుడి కుటుంబం విడుదలను వ్యతిరేకిస్తూనే వచ్చింది. చివరకు 2021 నవంబరులో, 75 ఏళ్ల వయసులో వదిలారు. తన పేరు మీద వచ్చిన తీర్పుతో దేశంలో వందలమంది బయటపడుతుంటే, ఆయన మాత్రం ఐదేళ్లకు పైగా లోపలే ఉండిపోయాడు.

వెనకడుగు కూడా ఆ ఏడాదే పడింది. 2021 ఏప్రిల్‌లో జోన్స్ కేసులో, బాలుడు ఇక ఎన్నటికీ మారడని విడిగా నిర్ధారించకుండానే జడ్జి పెరోల్ లేని యావజ్జీవం వేయవచ్చని 6-3 తేడాతో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే శిక్ష తప్పనిసరిగా వేయకూడదు గానీ, ఆలోచించి వేస్తే వేయవచ్చు. దాంతో బరువంతా రాష్ట్రాల మీద పడింది. ఇప్పటికి 28 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ ఈ శిక్షను బాలలకు పూర్తిగా రద్దు చేశాయి. మిగతా చోట్ల చట్టంలో ఇంకా ఉంది. ప్రపంచంలో మరే దేశమూ పద్దెనిమిదేళ్ల లోపు వారికి ఈ శిక్ష అమలు చేయడం లేదు.

పేరు మారిన శిక్ష ఒకటుంది, అది మరీ కపటమైనది. మిస్సోరీలో బాబీ బోస్టిక్ అనే పదహారేళ్ల కుర్రాడు 1995 డిసెంబరులో, క్రిస్మస్ కానుకలు పంచడానికి వచ్చినవాళ్లను మరొకరితో కలిసి తుపాకీతో బెదిరించి దోచుకున్నాడు. ఎవరూ చనిపోలేదు. ఒక్కో అభియోగానికీ విడివిడిగా శిక్షలు వేసి, ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలన్నారు. మొత్తం 241 ఏళ్లయింది. పెరోల్ అర్హత వచ్చేది 112 ఏళ్ల వయసులో. కాగితం మీద 'పెరోల్ లేదు' అన్న మాట ఎక్కడా లేదు కాబట్టి గ్రాహం తీర్పు తమకు వర్తించదని రాష్ట్రం వాదించింది. ఆ శిక్ష వేసిన జడ్జి ఎవెలిన్ బేకర్ పదవీ విరమణ చేశాక తాను తప్పు చేశానని బహిరంగంగా చెప్పి అతని విడుదల కోసం నిలబడ్డారు. 2021లో మిస్సోరీ చట్టం మార్చింది. 2022 నవంబరులో, 43 ఏళ్ల వయసులో బోస్టిక్ బయటికొచ్చాడు. తన తీర్పు తప్పని ఒప్పుకున్న జడ్జికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

కాలిఫోర్నియా నిచ్చెన: 18, 23, 26

ఇంతవరకూ చెప్పుకున్నది పద్దెనిమిది నిండని వాళ్ల గురించి. అయితే పద్దెనిమిదో పుట్టినరోజు రాత్రి పడుకుని లేచేసరికి ఎవరికీ బుద్ధి పెరిగిపోదు. ఆవేశాన్ని అదుపుచేసే మెదడు భాగాలు ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. దీన్ని చట్టంలోకి అందరికన్నా విస్తారంగా తెచ్చింది కాలిఫోర్నియా. 2014 జనవరి 1 నుంచి, నేరం నాటికి 18 నిండనివారికి ప్రత్యేక పెరోల్ విచారణ ఇచ్చింది. 2016లో దాన్ని 23 నిండని వారికి పెంచింది. 2018లో 25 ఏళ్ల వయసు దాకా, అంటే 26 నిండని వారికి పెంచింది.

లెక్క ఇలా ఉంటుంది. శిక్ష ఇన్నేళ్లని గీత గీసినట్టు ఉంటే 15వ ఏట విచారణ. పాతికేళ్ల కంటే తక్కువ కనీస గడువున్న యావజ్జీవమైతే 20వ ఏట. 'పాతికేళ్ల నుంచి యావజ్జీవం' లేదా అంతకు మించినదైతే 25వ ఏట. బాలుడిగా ఉండగా పెరోల్ లేని యావజ్జీవం పడ్డవారికీ 25వ ఏటే. ఆ విచారణలో బోర్డు, కుర్రతనం వల్ల తగ్గే బాధ్యతకు, ఆ తర్వాత వచ్చిన ఎదుగుదలకు అధిక ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం రాసింది.

చట్టంలో ఒక పెద్ద చిల్లు ఉంది. 18 నుంచి 25 ఏళ్ల మధ్య చేసిన నేరానికి పెరోల్ లేని యావజ్జీవం పడ్డవారికి ఈ విచారణ లేదు. 17 ఏళ్ల 11 నెలలవాడికి ఉన్న తలుపు, రెండు నెలలు పెద్దవాడికి గోడ. ఈ తేడా రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2024 మార్చిలో తోసిపుచ్చింది. అదే ఏడాది జనవరిలో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 4-3 తేడాతో మరో దారి పట్టింది. 18, 19, 20 ఏళ్ల వాళ్లకూ పెరోల్ లేని యావజ్జీవం చెల్లదని చెప్పింది. ఇదేదో కొద్దిమంది గొడవ అనుకోవద్దు. 1995 నుంచి 2017 మధ్య 20 రాష్ట్రాల్లో ఈ శిక్ష పడిన సుమారు 30 వేల మందిని పరిశీలిస్తే, ప్రతి ఐదుగురిలో ఇద్దరు 25 ఏళ్లు, అంతకు లోపు వాళ్లే.

మెనెండెజ్ సోదరుల కేసు మన ఇళ్లలో కూడా చాలామంది టీవీ సీరీస్‌గా చూసి ఉంటారు. 1989 ఆగస్టులో తల్లిదండ్రులను కాల్చి చంపినప్పుడు ఎరిక్ వయసు 18, లైల్ వయసు 21. 1996లో పెరోల్ లేని యావజ్జీవం పడింది. పై చిల్లులో ఇరుక్కున్నది ఇలాంటివాళ్లే. 2025 మే 13న జడ్జి ఆ శిక్షను 'యాభై ఏళ్ల నుంచి యావజ్జీవం'గా మార్చారు. ఆ మాటతో ఇద్దరూ కుర్రవయసు నేరస్థుల చట్టం కిందికి వచ్చారు. పాతికేళ్లు ఎప్పుడో దాటిపోయాయి కనుక అర్హత వెంటనే దక్కింది. పత్రికలు 'విడుదలకు మార్గం సుగమం' అని రాసేశాయి. ఆగస్టు 21న ఎరిక్‌కు, 22న లైల్‌కు బోర్డు పెరోల్ నిరాకరించింది. జైల్లో దొంగచాటుగా సెల్‌ఫోన్లు వాడడం దాని కారణాల్లో ఒకటి. మళ్లీ మూడేళ్ల గడువు పెట్టారు.

ఈ తిరస్కారాలు మామూలే. ఇటీవలి ఏళ్లలో కాలిఫోర్నియాలో ఏర్పాటైన విచారణల్లో ఐదింట నాలుగు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అనుమతి లేకుండానే ముగుస్తున్నాయి. తిరస్కరిస్తే మళ్లీ విచారణకు 3, 5, 7, 10, 15 ఏళ్లలో ఏదో ఒక గడువు పెడతారు. బోర్డు సరే అన్నా, హత్య కేసయితే గవర్నర్ కొట్టేయవచ్చు. 19 ఏళ్ల వయసులో మాన్సన్ ముఠాతో కలిసి హత్యల్లో పాల్గొన్న లెస్లీ వాన్ హౌటెన్‌కు 2016 నుంచి ఐదుసార్లు బోర్డు పెరోల్ సిఫార్సు చేస్తే, ఐదుసార్లూ ఇద్దరు గవర్నర్లు కొట్టేశారు. కోర్టు కల్పించుకున్నాకే 2023 జులైలో, 73 ఏళ్ల వయసులో విడుదలైంది. రాబర్ట్ కెన్నడీని చంపిన సిర్హాన్ నేరం నాటికి 24 ఏళ్లవాడు. బోర్డు 2021లో అతని కుర్రవయసును లెక్కలోకి తీసుకుని పెరోల్‌కు మొగ్గింది. గవర్నర్ 2022 జనవరిలో తిప్పికొట్టారు. పెరోల్ అర్హత ఇస్తే హంతకులంతా వీధుల్లోకి వచ్చిపడతారని భయపెట్టేవాళ్లు ఈ అంకెలను ఒక్కసారి చూడాలి.

174 మందిలో ఇద్దరు

బయటికొచ్చాక వీళ్లు ఏం చేస్తున్నారు? దీనికి ఫిలడెల్ఫియా దగ్గర జవాబుంది. బాలలుగా ఉండగా చావుదాకా శిక్ష పడినవారు 300 మందికి పైగా ఆ ఒక్క నగరానివారే. దేశంలో మరే నగరానికీ అంత సంఖ్య లేదు. మాంట్‌గోమరీ తీర్పు తర్వాత 2019 చివరికి 174 మందిని వదిలారు. మాంట్‌క్లెయిర్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వారిని గమనించారు. మళ్లీ ఏదైనా నేరంలో శిక్ష పడింది ఇద్దరికి. నూటికి 1.15.

ఈ అంకెను పట్టుకుని గంతులేయకూడదు. విడుదలై సగటున రెండేళ్లు కూడా నిండని కాలానికి తీసిన లెక్క అది. పైగా వడపోతలన్నీ దాటుకుని, యాభై ఏళ్ల వయసులో బయటికొచ్చినవాళ్లు. ఇరవై ఏళ్లవాళ్లను వదిలితే ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం. అయితే ఒకటి మాత్రం ఆ అంకె గట్టిగా చెబుతోంది. 'వీడు ఎన్నటికీ మారడు' అని పదహారేళ్ల పిల్లాడి ముఖం చూసి చెప్పినవాళ్లు దాదాపు ప్రతిసారీ తప్పే చెప్పారు.

ఇక్కడ బాధితుల మాట దాటవేస్తే ఈ కథనానికి విలువ లేదు. పెరోల్ విచారణ జరిగిన ప్రతిసారీ చనిపోయినవారి పిల్లలు, తల్లులు ఆ గదిలోకి వచ్చి కూర్చోవాలి. మానిన గాయాన్ని రేపుకోవాలి. మూడేళ్లకోసారి తిరిగొచ్చే తేదీ వాళ్లకు కూడా శిక్షే. వాళ్లు వద్దంటే తప్పుపట్టే హక్కు నాకు లేదు. అందుకే తేదీ ముందే తెలియాలి, మాట వినే పద్ధతి గౌరవంగా ఉండాలి, నిర్ణయానికి కారణాలు కాగితం మీద ఉండాలి. ఏ ఎన్నికల వేళో, ఏ పలుకుబడితోనో హఠాత్తుగా తలుపు తెరుచుకుంటే బాధితులకు అంతకు మించిన అవమానం లేదు. 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం సామూహిక అత్యాచారం, హత్యల కేసులో 11 మంది దోషులను వదిలితే ఏమైందో గుర్తు తెచ్చుకోండి. ఆ ఉత్తర్వును 2024 జనవరి 8న సుప్రీంకోర్టు కొట్టేసింది.

మన దగ్గర

2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరంలో ఒక నిందితుడికి పద్దెనిమిది నిండలేదు. 2000 నాటి చట్టం ప్రకారం గరిష్ఠంగా మూడేళ్లు. 2015 డిసెంబరు 20న వదిలారు. రెండు రోజులకే, 22న, కొత్త బాలల న్యాయ చట్టాన్ని రాజ్యసభ ఆమోదించింది. 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్న ఘోర నేరాల్లో 16 నుంచి 18 ఏళ్ల వారిని పెద్దవాళ్ల మాదిరిగా విచారించే వీలు కల్పించింది. ఆ రోజుల్లో దేశమంతా ఊగిపోయింది. నేనూ ఆగ్రహించినవాణ్నే.

ఆ ఆగ్రహంలోంచి పుట్టిన చట్టంలోనే 21వ సెక్షన్ ఉంది. పద్దెనిమిది నిండకుండా చేసిన ఏ నేరానికైనా మరణశిక్ష గానీ, విడుదలకు ఆస్కారం లేని యావజ్జీవం గానీ వేయరాదు. అమెరికా రాష్ట్రాల్లో దాదాపు సగం నేటికీ చేరని చోటికి మనం అంత కోపంలోనూ చేరుకున్నాం. 20వ సెక్షన్ ఇంకో మంచి పని చేసింది. శిక్ష పడిన బాలుడికి 21 ఏళ్లు వచ్చాక బాలల కోర్టు మళ్లీ చూడాలి. మారాడనిపిస్తే షరతులతో వదలవచ్చు, లేదంటే మిగతా శిక్షకు పెద్దల జైలుకు పంపవచ్చు. ఈ కథనం మొదట్లో అడిగిన 'ఎన్నో ఏట' అన్న ప్రశ్నకు మన చట్టం ఇచ్చిన జవాబు అది.

చట్టం ఉన్నా వయసు నిరూపణ దగ్గరే చాలామంది ఓడిపోతున్నారు. 1994లో పుణెలో జరిగిన ఏడు హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒక వ్యక్తికి నేరం నాటికి పన్నెండున్నరేళ్లేనని బడి రికార్డు ఆధారంగా 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి వదిలింది. అప్పటికి 28 ఏళ్లు లోపలున్నాడు. అదే 1994లో డెహ్రాడూన్‌లో జరిగిన హత్యల కేసులో మరొకరికి నేరం నాటికి 14 ఏళ్లని 2025 జనవరి 8న తేలింది. పాతిక సంవత్సరాలు జైల్లో గడిచాక. ఇద్దరికీ పాత చట్టమే వర్తించినా పడాల్సింది మహా అయితే మూడేళ్లు. వయసు చెప్పే రికార్డు సమయానికి లెక్కలోకి రాకపోవడం వల్ల వాళ్ల యౌవనం పోయింది.

పద్దెనిమిది దాటినవారి విషయంలో మనకు నిచ్చెన లేదు. 21 నిండనివారిని వీలైతే జైలుకు పంపొద్దని 1958 నాటి ప్రొబేషన్ చట్టం చెబుతుంది గానీ, యావజ్జీవం పడదగిన నేరాలకు అది వర్తించదు. కుర్రాళ్ల కోసం పెట్టిన బోర్‌స్టల్ స్కూళ్లలో 23 ఏళ్లు వచ్చేదాకా ఉంచే చట్టం ఆంధ్రప్రదేశ్‌కు ఉండేది. హత్య కేసులో యావజ్జీవం పడి అక్కడికి మారిన ఒక కుర్రాడు, 23 నిండాయి కనుక వదలాలన్నాడు. 1984లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, తిరిగి జైలుకే వెళ్లాలంది. ఇప్పుడు మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడ్డవారెవరైనా, వయసు 19 అయినా 49 అయినా, కనీసం 14 ఏళ్లు లోపలుండాల్సిందే. ఆ తర్వాత ప్రభుత్వం దయ.

ఆ దయకు కొలతలేమిటో 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నేరం సమాజాన్ని దెబ్బతీయని విడి ఘటనా, మళ్లీ చేసే అవకాశం ఉందా, నేరం చేసే శక్తి పోయిందా, ఇంకా లోపల ఉంచడం వల్ల ప్రయోజనం ఉందా, కుటుంబ పరిస్థితి ఏమిటి. ఇవీ ఐదు ప్రశ్నలు. విధానం ఉన్న రాష్ట్రాల్లో ఖైదీ దరఖాస్తు పెట్టకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో కోర్టు ఆదేశించింది కూడా. మంచిదే. కానీ ఆ ఐదింటిలో నేరం నాటికి ఇతని వయసెంత అన్నది లేదు. పద్దెనిమిది దాటి పాతిక నిండని వారి కోసం ఆ ఆరో ప్రశ్నను చేర్చమని, వచ్చే క్షమాభిక్ష ఉత్తర్వులో దాన్ని స్పష్టంగా రాయమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాను. దీనికి పార్లమెంటు అక్కర్లేదు, ఒక జీవో చాలు.